నిదానమే ప్రధానం

‘నిదానం’ అనే మాటను మనం నెమ్మది అనే అర్థంలో వాడుతున్నాం. సంస్కృతంలో దానికి మూలకారణమని అర్థం. మాధవకరుని రోగనిర్ణయ గ్రంథానికి ‘మాధవ నిదానం’ అని పేరు రావడం అందుచేతనే. ఈ రెండర్థాలూ మా పాత డీజిలు కారు గేర్‌బాక్సు విషయంలో ఒక్కచోట కలిశాయి.

ఎడమ మోకాలికి శస్త్రచికిత్స జరిగిన నాటి నుండి, క్లచ్ తొక్కే పనిలేని ఆ ఆటోమేటిక్ కారే నాకు కాళ్ళు. ఒకనాడు రాజీవ్ రహదారి మీద హైదరాబాదు వెళ్తుండగా గేరు మారినప్పుడల్లా కుదుపులు మొదలైనాయి. పిదప బండి మూడో గేరులోనే ఉండిపోయింది. నగరంలోని ఒక షెడ్డువారు కిందికి తొంగి చూడకుండానే గేర్‌బాక్సు మొత్తం మార్చాలన్నారు. కారు అమ్మినా ఆ సొమ్ము రాదు. ఎలుకల బాధకు ఇంటికి నిప్పు పెట్టుకొమ్మన్నట్టు తోచింది.

సిద్దిపేటలో మాకు తెలిసిన మెకానిక్ మాత్రం, “సార్, ముందుగాల ఆయిల్ జూద్దాం. గేర్‌బాక్స్ యాడికి బోదు” అన్నాడు. అదీ నిదానం!

టార్క్ కన్వర్టరు ఉన్న బండిలో ఇంజను బలాన్ని చక్రాల వైపు పంపేది ఆయిలే. లోపలి క్లచ్‌లను బిగించేదీ, చల్లబరిచేదీ అదే. చాలా బళ్ళలో దీనికి డిప్‌స్టిక్ ఉండదు. ఇంజను నడుస్తుండగా, ఆయిల్ నిర్ణీతమైన వేడికి చేరాక, కింది బోల్టు విప్పి మట్టం చూడాలి. మా బండిలో కూలరు గొట్టం దగ్గర కారి ఆయిల్ తగ్గిపోయింది. లోపల తేడా కనబడగానే కంప్యూటరు రక్షణ కోసం బండిని ఒకే గేరులో నిలిపింది. గొట్టం మార్చి, కంపెనీ పుస్తకంలో చెప్పిన రకం ఆయిలే పోయించాం. కుదుపులు పోయాయి.

అందరికీ ఇంత సులువుగా తీరుతుందని అనను. ఆయిల్ నల్లబడి మాడు వాసన వేస్తూ, అడుగున లోహపు ముక్కలు కనబడితే గేర్‌బాక్సు విప్పక తప్పదు. కానీ డీజిలు ఫిల్టరు మూసుకుపోయినా, ఇంజను మౌంట్లు అరిగినా కుదుపు గేరుదేనని భ్రమ కలుగుతుంది. స్కానరులో సెన్సారు పేరు రాగానే సెన్సారు మార్చడమూ తొందరపాటే. దాని తీగ తెగినా అదే కోడు వస్తుంది.

సంధి తప్పిన పిల్లవాణ్ణి, ఏ సూత్రం తెలియలేదో అడగకుండా అదే తరగతిలో ఆపివేస్తే అది బోధన అనిపించుకోదు. ఇదీ అంతే. “ఏమి మార్చాలి?” అని అడిగే ముందు “కారణమేమిటి? దేనిని చూసి తేల్చారు?” అని అడుగుదాం, ఆ సమాధానం కాగితం మీద వ్రాయించుకుందాం. వ్రాయలేనివారి చేతికి బండి తాళం ఇవ్వరాదని నా అభిప్రాయం.