మింగాల్సిన మాత్రను నూరకండి

ఇంట్లో పెద్దవాళ్ళకు వేళకు మందులు అందించే పని ఎక్కువగా మనదే కదా! మాత్ర లావుగా ఉంది, గొంతు దిగడం లేదంటే చాలు, నూరి మజ్జిగలోనో తేనెలోనో కలిపి ఇచ్చేస్తుంటాం. అన్ని మాత్రలకీ ఈ పద్ధతి పనికిరాదు.

చక్కెర వ్యాధికి వాడే మెట్‌ఫార్మిన్ సంగతే చూడండి. ఈ మందు ఒంటబట్టేది ముఖ్యంగా చిన్నపేగు పైభాగంలో. మాత్ర తొందరగా ఆ చోటు దాటిపోతే మందు కొంత వృథాయే. అందుకని రోజుకు ఒక్కసారే వేసుకునే మాత్రల్లో కొన్నిటిని కడుపులో ఎక్కువసేపు నిలిచేలా తయారుచేస్తారు. సబ్జా గింజలు నీళ్ళలో వేస్తే చుట్టూ జిగురు పట్టి ఉబ్బుతాయి చూడండి, ఈ మాత్రా కడుపులో అలాగే ఉబ్బి, ఆ జిగురులోంచి గంటల తరబడి కొద్దికొద్దిగా మందు వదులుతుంది. నూరేస్తే? రోజంతటి మందూ ఒక్కసారే బయటపడుతుంది. వికారం, విరేచనాలు పట్టుకోవచ్చు. చక్కెర అదుపు రోజంతా నిలవదు కూడా.

మరి భోజనంతోనే వేసుకోమంటారెందుకు? ఖాళీ కడుపు తనను తాను ఊడ్చుకుంటుంది! సుమారు గంటన్నర, రెండు గంటలకోసారి బలమైన కదలిక వచ్చి, లోపల మిగిలిందంతా పేగులోకి నెట్టేస్తుంది. మాత్ర కూడా దాంతోపాటే పోతుంది. కడుపులో తిండి ఉన్నంతసేపూ ఆ ఊడ్పు ఉండదు. 2000లో అమెరికాలో అనుమతి పొందిన గ్లూకోఫేజ్ ఎక్స్.ఆర్. మాత్రను భోజనంతో వేసుకుంటే, ఒంటబట్టే మందు దాదాపు 50 శాతం పెరుగుతుందని తేలింది. ఇలాంటి మెట్‌ఫార్మిన్ మాత్రను రాత్రి భోజనంతో వేసుకోమనేది అందుకే. వేరే మందు కూడా కలిసిన మాత్రయితే డాక్టరు చెప్పిన వేళే పాటించండి.

ఇవి గుర్తుంచుకోండి:

* స్ట్రిప్ మీద ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., ఇ.ఆర్. అని ఉంటే అది నెమ్మదిగా మందు వదిలే మాత్ర. డాక్టరు చెబితే తప్ప విరగ్గొట్టకండి, నూరకండి, నమలనివ్వకండి.

* మింగలేకపోతే ఆ మాట డాక్టరుకు చెప్పండి. విడతలుగా వేసుకునే మామూలు మాత్రలో, ద్రవరూపంలో ఉన్న మందో రాసిస్తారు.

* అత్తగారికి ఏకాదశి ఉపవాసం ఉందా? ఆ రోజు మాత్ర ఎలా ఇవ్వాలో ముందే అడిగి తెలుసుకోండి.

* విరేచనంలో మాత్ర ఆకారంలో మెత్తటి ముద్ద కనిపించిందని కంగారుపడకండి. మందు వదిలేశాక మిగిలిన పిప్పి అది. దాన్ని చూసి ఇంకో మాత్ర మాత్రం వేయకండి!