సన్నబడటం, బక్కచిక్కడం

నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల నాపరాళ్ళకు ప్రసిద్ధి. 2022 వరకు ఇది కర్నూలు జిల్లాలో భాగంగా ఉండేది. ఇక్కడి రాళ్ళగనులలో పనిచేసే కూలీని ఒకసారి పరిశీలించండి. మనిషి సన్నగా ఉంటాడు. పొట్ట వీపునకు అంటుకొని ఉంటుంది. కాని బండ అంచున గడ్డపార దూర్చి పైకి లేపే వేళ అతని భుజాలమీద, పిక్కలమీద కండలు మోకుల వలె బిగుసుకొంటాయి. అతనిని సన్ననివాడంటాం గాని బక్కవాడనం. సన్నబడటం వేరు, బక్కచిక్కడం వేరు అని మన భాష ఏనాడో గుర్తించింది. తూకపు యంత్రాలు లేని కాలంలో మన పెద్దలకు కంటిచూపుతోనే తెలిసిన ఈ భేదాన్ని, వీధికొక యంత్రం ఉన్న ఈ కాలంలో మనం మరచిపోతున్నాం.

ఇంటర్మీడియట్ చదివే ఒక అమ్మాయిని ఊహించుకొందాం. పెళ్ళిలో బంధువు ఎవరో ‘ఒళ్ళు చేశావే’ అన్నారు. ఆ మాట మనసులో నాటుకొన్నది. మరునాటి నుండి ఉదయం ఉపాహారం లేదు, రాత్రి ఒక అరటిపండే భోజనం. పది రోజుల తరువాత మందుల దుకాణం ముందున్న యంత్రం మూడు కిలోలు తగ్గినట్లు చూపింది. ఆమె ఆనందానికి అవధి లేదు. అయితే ఆ తగ్గిన మూడు కిలోలు దేనివి? తొలి రోజులలో పోయేది ఎక్కువగా నీరు. ఆపైన కొవ్వు, దానితోపాటు కండ. మన మెదడుకు నిరంతరం గ్లూకోజు కావాలి. కొవ్వు నుండి శరీరం తగినంత గ్లూకోజును తయారుచేసుకోలేదు. అందువల్ల కండరాలలోని మాంసకృత్తులను కరిగించి, కాలేయంలో గ్లూకోజుగా మార్చుకొంటుంది. వంటచెరకు లేని ఇల్లాలు ఇంటి దూలాన్నే చీల్చి పొయ్యిలో పెట్టినట్లు! వ్యాయామం లేకుండా కేవలం తిండి తగ్గించినవారు కోల్పోయే బరువులో సుమారు నాలుగో వంతు కొవ్వు కానిదే ఉంటుందని అంచనా. మళ్ళీ మామూలుగా తినడం మొదలుపెట్టగానే కొవ్వు పిలవకుండానే తిరిగి వస్తుంది. కండ మాత్రం శ్రమించి పిలిస్తేనే వస్తుంది.

తూకం ఎంతగా భ్రమపెడుతుందో తెలిపే చిత్రమైన ఉదాహరణ ఒకటి ఉంది. పుణే వైద్య పరిశోధకుడు డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ 2004లో తన ఛాయాచిత్రాన్ని, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ ఛాయాచిత్రాన్ని పక్కపక్కన చేర్చి ‘లాన్సెట్’ వైద్యపత్రికలో ప్రచురించాడు. ఎత్తుతో పోల్చి బరువును అంచనా వేసే శరీర ద్రవ్యరాశి సూచిక ఇద్దరికీ ఒక్కటే, 22.3. కాని ఒంటిలోని కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతమైతే, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! యుడ్కిన్ మారథాన్ పరుగులు తీసేవాడు. యాజ్ఞిక్ తన ముఖ్య వ్యాయామం మూసుకొనే లిఫ్టు తలుపులను అందుకోవడానికి పరుగెత్తడమేనని చమత్కరించాడు. మనవారిలో ఇటువంటి శరీరతత్త్వం సాధారణం. ఉన్న కండే తక్కువైనప్పుడు, దానిని కూడా పస్తులతో కరిగించుకొంటే ఏమి మిగులుతుంది?

కాయకష్టం చేస్తే చాలు, కండ దానంతటదే నిలుస్తుందని కొందరి నమ్మకం. అది ఎంత పొరపాటో మన సీమ చరిత్రే చెబుతుంది. 1876-78 నాటి ధాత కరువు కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలను అల్లకల్లోలం చేసింది. బతుకుతెరువు లేని జనం ప్రభుత్వం పెట్టిన కరువు పనులకు వెళ్ళి మట్టి తవ్వారు, రాళ్ళు మోశారు. ఖర్చు తగ్గించడానికి వైస్రాయి లిట్టన్ పంపగా 1877 జనవరిలో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, పనిచేసే మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి చిల్లర చాలునని నిర్ణయించాడు. ఒక పౌను అంటే 454 గ్రాములు. దాని వలన లభించే శక్తి సుమారు 1600 కేలరీలు. రోజంతా గడ్డపార పట్టేవానికి అది ఏ మూలకు? పైగా ఆ కూలిలో పప్పుకు చోటే లేదు. మద్రాసు రాజధాని పారిశుద్ధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ దీనిని తీవ్రంగా ఎదిరించాడు. శ్రమించేవానికి కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం, దానికి తోడు పప్పు, కూరగాయలు ఉండాలని వాదించాడు. కొన్ని నెలలకు ప్రభుత్వం కూలిని పెంచక తప్పలేదు గాని, అప్పటికే ఎందరో శల్యావశిష్టులయ్యారు. రాళ్ళు మోసిన శ్రమ వారి కండలను కాపాడలేదు. తిండి తోడు లేని శ్రమ కండను కూడా తినివేస్తుంది. వారికి అది పాలకులు చేసిన అన్యాయం. అన్నం ఎదుట ఉండగా అటువంటి బతుకును మనం కోరి తెచ్చుకోవడమెందుకు?

కాబట్టి బరువు తగ్గదలచినవారికి తిండి, శ్రమ రెండూ కావాలి. అసలు తగ్గవలసిన అవసరం ఉన్నదో లేదో, ఇంకా ఎదిగే వయసులో ఉన్న మీరు వైద్యుని అడిగి తెలుసుకోవడం మంచిది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం వారానికి అరకిలో తగ్గడం క్షేమకరం. తగ్గించవలసినవి చక్కెర, నూనె, మెరుగుపెట్టిన బియ్యపు అన్నం. పప్పును తగ్గించరాదు. పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరమని 2020 సిఫారసు. అంటే అరవై కిలోల మనిషికి సుమారు యాభై గ్రాములు. బరువు తగ్గే కాలంలో ఇంతకన్నా కొంత ఎక్కువే కావాలి. ఇందుకు దుకాణాలలో వేలకు వేలు పోసి డబ్బాల పొడులు కొననక్కరలేదు, ఆ సంస్థ కూడా వాటిని వద్దనే చెప్పింది. మన మెట్టపొలాల పంటలు చాలు. నూరు గ్రాముల ఉలవలలో సుమారు 22, వేరుశనగలలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులున్నాయి. జొన్నలో తక్కువగా ఉండే లైసిన్ అనే అంశం పప్పులలో పుష్కలంగా ఉంటుంది. జొన్నరొట్టెకు పప్పును, రాగిసంకటికి ఉలవచారును జతచేసినవారు ఏ శాస్త్రగ్రంథాన్ని చదివారో!

ఇక శ్రమ సంగతి. నడక మంచిదే, కాని అదొక్కటే చాలదు. ఇక్కడ మన పనివేళ ముగియలేదని శరీరానికి తెలియాలంటే కండరంపై బరువు పడాలి. బస్కీలు, దండీలు వారానికి రెండు మూడు రోజులు తీసినా ఫలితం కనిపిస్తుంది. ఆడపిల్లలకు బరువులెందుకని అనేవారికి కరణం మల్లీశ్వరిని గుర్తుచేయాలి. శ్రీకాకుళం జిల్లా బిడ్డ అయిన ఆమె 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలిచింది.

ఇంత చెప్పినా ఒక సందేహం నన్ను వదలదు. తెల్లవారు జాము నుండి రాత్రి వరకు తరగతులు, చదువుగంటలతో నింపివేసే కళాశాలల దినచర్యలో ఆటకు గంట ఏది? వసతిగృహాలలో అన్నం రాశిగా పోసి, పప్పును నీళ్ళవలె వడ్డిస్తే విద్యార్థి ఏమి చేయగలడు? ఈ తప్పును పిల్లల సోమరితనంపై నెట్టడం న్యాయం కాదు. మైదానం లేదనే సాకు కూడా చెల్లదు. బస్కీలు తీయడానికి రెండు బేతంచెర్ల బండలు పరచినంత చోటు చాలు. వసతిగృహంలో సాయంత్రం వేళ బజ్జీలకు బదులు ఉడికించిన శనగలు గుప్పెడు పెట్టడానికి అయ్యే ఖర్చు కూడా ఏమంత ఎక్కువ కాదు.