ఎవరి కోసం యీ శుభ్రత?

డిగ్రీ చేతికొచ్చి నాలుగేళ్లు దాటినా ఉద్యోగం దొరకని ఒక శిష్యుడు మొన్న ఆదివారం చొప్పదండిలో మా యింటికి వచ్చి, ఫోను నా చేతికిచ్చి, "సార్, ఇండ్ల ఏవి వుంచాలె, ఏవి తీసెయ్యాలె, జర జూసి చెప్పున్రి" అన్నాడు. బడిలో వున్నప్పుడు వ్యాసాలు దిద్దించుకోవడానికి యిలాగే వచ్చేవాడు. అప్పుడు తప్పులు దిద్దమనేవాడు. ఇప్పుడు అభిప్రాయాలు కొట్టివేయమంటున్నాడు.

ఎవరో శిక్షకుడు బోధించాడట. కంపెనీవాళ్లు దరఖాస్తు చూడకముందే పేరు పట్టుకుని వెతుకుతారట. ఫేస్‌బుక్కులో ఏం రాశావు, ఎవరి పక్కన నిలబడి ఫొటో దిగావు అని చూస్తారట. కనుక రాజకీయం, సమ్మె, ధర్నా అన్న మాటలేవీ కనిపించకూడదు. లింక్డిన్‌లో మాత్రం కోటు తొడుక్కుని నవ్వుతూ వుండాలి. ఆ ఫొటో కూడా దిగి వచ్చాడు. కోటు స్టూడియోవాడిది.

ఇంతకూ అతడు తుడిచివేయదలచినవి ఏమిటి? తెలంగాణ ఏర్పడిన తర్వాత మొదటి గ్రూప్-1 ప్రకటన 2022లో వచ్చింది. పోస్టులు 503. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కినందువల్ల 2023 మార్చిలో ప్రిలిమ్స్ రద్దయినాయి. జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దుచేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ ప్రకటననే వెనక్కు తీసుకుని కొత్తది వేశారు. రెండుసార్లు రాసి రెండుసార్లూ పోగొట్టుకున్న పిల్లవాడు కడుపుమండి నాలుగు మాటలు రాసుకున్నాడు. వాటిలో బూతు లేదు, అబద్ధం లేదు. పత్రాలు అమ్ముకోవడం ఒక నేరమైతే, అమ్ముకున్నారని ఏడవడం యింకొక నేరమా?

నోరు జాగ్రత్త అని పెద్దలెప్పుడూ చెప్పేదే గదా, యిందులో వింతేముందని కొందరు మిత్రులు అంటారు. కొంతమేరకు ఒప్పుకుంటాను. ఆడవాళ్లను కించపరచిన రాతా, కులం పేరెత్తి తిట్టిన తిట్టూ వుంటే, ఉద్యోగం కోసం కాదు, సిగ్గుపడి తీసివేయవలసిందే. కాని శిక్షకుడి జాబితాలో అవి ఎక్కడో చివరన వున్నవి. మొదట వున్నది ధర్నా!

ఈ వెతుకులాట కొత్తదేమీ కాదు. 1949లో రైల్వే ఉద్యోగుల మీద దేశభద్రత పేరిట ప్రత్యేక నిబంధనలు వచ్చినవి. కమ్యూనిస్టులతో సంబంధం వున్నదని బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికులను వాటికింద తీసివేశారు. బాలకోటయ్య కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 1957 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తొలగింపులను సమర్థించింది. మరి పాతికేళ్లకు, 1983లో, మన తెలుగువాడైన న్యాయమూర్తి చిన్నప్పరెడ్డి వేరొక కేసులో, ఉద్యోగానికి వచ్చినవాడి రాజకీయ విశ్వాసాన్ని గురించి పోలీసు నివేదిక తెప్పించడమే సమానావకాశాల మొదలు నరకడమని తీర్పు చెప్పాడు. ఆ కేసులో ఉద్యోగం పోగొట్టుకున్న ఉపాధ్యాయుడు మధ్యప్రదేశ్‌వాడు. ఆరెస్సెస్, జనసంఘాలలో తిరిగినవాడు. అతని భావాలకూ మన భావాలకూ చుక్కెదురు. అయినా ఆ తీర్పు సరైనదే. మనవాళ్లకు మాత్రమే పనికివచ్చే స్వేచ్ఛను స్వేచ్ఛ అనను.

అయితే ఆ తీర్పు ప్రభుత్వాన్ని కట్టివేసింది గాని, ప్రైవేటు యజమానిని కాదు. రాజ్యాంగం 16వ అధికరణం అతని గుమ్మం దాకా పోదు. 1949 నిబంధనల కింద రైల్వే కార్మికుడికి నీ మీద ఫలానా ఆరోపణ వున్నదని ఒక నోటీసైనా అందేది. దానికతడు జవాబు రాసుకునేవాడు. మా శిష్యుడికి ఏ కాగితమూ రాదు. ఏది చూసి కాదన్నారో, అసలు చూశారో లేదో కూడా తెలియదు. తెలియదు గనుకనే భయం. భయం గనుకనే తనమీద తానే పోలీసు నివేదిక తయారుచేసుకుని, తానే శిక్ష అమలు చేసుకుంటున్నాడు. యజమానికి పైసా ఖర్చు లేదు!

సముద్రం దాటుదామన్నా యిదే తంతు. 2025 జూన్ నుంచి అమెరికా విద్యార్థి వీసా కావలసినవాళ్లు తమ ఖాతాలన్నీ బహిరంగంగా తెరిచి వుంచాలన్నారు. ఇక్కడి శిక్షకుడు తాళం వెయ్యమంటాడు, అక్కడి కాన్సలేటు తలుపు తియ్యమంటుంది. ఇద్దరికీ కావలసింది మాత్రం నోరులేని మనిషే.

ఇంకొక మోసం. శుభ్రంగా వుంటే ఉద్యోగం వస్తుందంటే, రానివాడు శుభ్రంగా లేడని అర్థం. ఆ 503 పోస్టులకు మూడు లక్షలమందికి పైగా దరఖాస్తు పెట్టుకున్నారు. అందరూ గోడలు కడుక్కుంటే 504వ పోస్టు పుడుతుందా? నిరుద్యోగాన్ని నిరుద్యోగి నడవడికలోని లోపంగా చూపే యీ విద్యను కాలేజీలలో వ్యక్తిత్వ వికాసమని పాఠంగా చెబుతున్నారు. చెప్పేవారిలో మనవాళ్లూ వున్నారు, సంఘంలో సభ్యత్వం వున్న అధ్యాపకులు కూడా. ఆ గంటలో పిల్లలకు, నిన్ను ఏ ఆధారం మీద కాదన్నాడో రాతపూర్వకంగా చెప్పమని యజమానిని అడగవచ్చునని ఒక్కనాడైనా చెప్పారా? విద్యార్థి సంఘాలు దానిని ఒక కోరికగా పెట్టినవా?

నేనేం చేశానని మీరడగవచ్చు. వుంచుకో, ధైర్యంగా వుండు అని నేననలేకపోయాను. నాకు పింఛను వస్తుంది; వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. పరీక్షల సంగతి రాసిన నాలుగింటినీ నా ముందే తీసివేశాడు. కరీంనగరు ధర్నాలో స్నేహితులతో దిగిన ఫొటో దగ్గర మాత్రం వేలు ఆగింది. "ఇది మీకు పంపుత సార్, మీ దగ్గర వుండనియ్యిరి" అన్నాడు. పంపి, తన దగ్గర తీసివేశాడు. ఆ ఫొటో యిప్పుడు నా ఫోనులో వున్నది. నౌకరి యింకా రాలేదు.