సగం బిళ్లలో సగం మందు ఉందా?

మా అమ్మకు థైరాయిడ్. డాక్టరు 25 మైక్రోగ్రాముల బిళ్లలు రాస్తే, మందుల షాపులో 50వే దొరికాయి. రోజూ పొద్దున్నే బిళ్ల నడిమికి కత్తి ఆనించి నొక్కేది. ఒక ముక్క నోట్లోకి, రెండోది మర్నాటికి సీసాలోకి. రాలిన పొడిని కూడా వేలికి అద్దుకుని నాలుకకు రాసుకునేది.

బిళ్ల బరువు 100 మిల్లీగ్రాములనుకుంటే, అందులో మందు రెండు వేల వంతుల్లో ఒక్క వంతు. అంత కొంచెం మందు అంత పిండిలో సమంగా కలిసిందా?

ల్యాబులో బిళ్లను పొడిచేసి, కరిగించి, హెచ్‌పీఎల్‌సీ యంత్రంతో మందు ఎంతుందో కొలుస్తారు. మోతాదు తక్కువున్న మందులకు ఒక్కో బిళ్లనూ విడిగా కొలిచే పరీక్షా ఉంది. అది అవసరమే. కానీ పొడిచేశాక మందు బిళ్లలో ఎక్కడుండేదో తెలియదు. ఒక మూల గడ్డకట్టినా, అంతటా పరుచుకున్నా అంకె ఒకటే వస్తుంది.

మాస్ స్పెక్ట్రోమెట్రీ ఇమేజింగ్ ఆ 'ఎక్కడ'ను చూపిస్తుంది. బిళ్లను అడ్డంగా కోసి, ఆ ముఖాన్ని లేజరుతోనో, విద్యుదావేశమున్న ద్రావణపు తుంపరతోనో చుక్క చుక్కగా తడుముతారు. ప్రతి చుక్క నుంచీ లేచిన అయాన్ల ద్రవ్యరాశిని యంత్రం నమోదు చేస్తుంది. ఆ చుక్కలన్నీ కలిస్తే మందు పరుచుకున్న తీరు పటంగా కనిపిస్తుంది. 'డెసీ' అనే తుంపర పద్ధతిని 2004లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో గ్రాహం కుక్స్ బృందం ప్రకటించింది. ఆగ్నేయాసియాలో అమ్ముడైన నకిలీ మలేరియా బిళ్లలను గుర్తించడానికి డెసీని వాడారు.

మాస్ స్పెక్ట్రోమెట్రీకి ఇంకో బలముంది: లోపల ఏముందో ముందే ఊహించి వెతకనక్కర్లేదు. 2012లో లాహోర్‌లో గుండె రోగులకు ఉచితంగా ఇచ్చిన బిళ్లల్లో పైరిమెథమిన్ అనే మలేరియా మందు కలిసిపోయి 200 మందికి పైగా చనిపోయారు. కలిసిందేమిటో చివరికి లండన్ ల్యాబు తేల్చింది. అట్ట మీద రాసిన మందును మాత్రమే కొలిచే పరీక్షకు, ఉండకూడనిది కంటబడదు.

ప్రతి బ్యాచ్‌నూ ఇలా చూడమనడం లేదు. యంత్రం ఖరీదైనది, పని నెమ్మది. పటంలోని రంగును నేరుగా మోతాదుగా లెక్కకట్టలేం. పక్కనున్న పదార్థాలు మందు సంకేతాన్ని అణచేస్తుంటాయి. అయితే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ ప్రతి నెలా ప్రకటించే నాసిరకం మందుల జాబితా చూడండి. 'కరగలేదు', 'మందు తక్కువుంది' అని ఒక్క ముక్కలో ఉంటుంది. ఎందుకలా అయిందో ఉండదు. అలా పట్టుబడ్డ బిళ్లలనైనా కోసి చూడాలి. బల్క్ డ్రగ్స్‌కు పేరుపడ్డ హైదరాబాద్‌లోనే, తార్నాకలోని ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థలో మాస్ స్పెక్ట్రోమెట్రీ కేంద్రం ఉంది. ఔషధ నియంత్రణ శాఖలు దానితో చేయి కలిపి ఈ పని మొదలుపెట్టాలి.

పాఠకులకు ఒక మాట: ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ అని రాసి ఉన్న, మందును నెమ్మదిగా వదిలే బిళ్లలను డాక్టరునో ఫార్మసిస్టునో అడగకుండా విరవకండి. మా అమ్మకు ఇప్పుడు 25 మైక్రోగ్రాముల బిళ్లలే తెప్పిస్తున్నాను.