నరసాపురపు లేసు: పేరెవరిది, ఫలమెవరిది?

నరసాపురపు క్రోషె లేసునకు 2024వ సంవత్సరమున భౌగోళిక సూచిక లభించినది. గోదావరి డెల్టా స్త్రీల చేతిపనికి దేశపు చట్టము గుర్తింపు నొసగుట ఆంధ్రులకెల్లరకును సంతోషదాయకమే. కాని పేరు వచ్చినంత మాత్రమున పరిశ్రమ బాగుపడునా? ఏ వ్యాపారమునకైనను ఒక లక్ష్యముండును. ఆ లక్ష్యమునకు తగిన నిర్మాణమును, నేర్పును ఉండవలయును. అమెరికా చరిత్రకారుడగు ఆల్ఫ్రెడ్ చాండ్లర్ మహా వాణిజ్యసంస్థల చరిత్రలను పరిశీలించి, వ్యూహము మారినచో నిర్మాణమును మారవలెననియు, మారనిచో సామర్థ్యము నశించుననియు 1962లో ప్రకటించిన గ్రంథమున చూపెను. కోట్లకు పడగెత్తిన కంపెనీలకు చెల్లిన ఈ న్యాయము మన పల్లెల లేసునకును చెల్లును.

పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ విద్య క్రమముగా నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల గ్రామములకు ప్రాకినది. దాని నిర్మాణ మెట్టిది? ఎగుమతి వర్తకుడు దారమిచ్చును. ఏజెంటు దానిని ఇంటింటికి చేర్చును. ఒక స్త్రీ పువ్వులను మాత్రమే అల్లును. వేరొకతె వానిని అతుకును. పూర్తియైన సరుకు మరల ఏజెంటు ద్వారా వర్తకుని చేరును. పువ్వు నల్లినయామె పూర్తి సరుకును చూడదు. అతికినయామె దానిని కొనువారి నెరుగదు. జర్మన్ పండితురాలగు మరియా మీస్ 1982లో వెలువరించిన గ్రంథమున ఈ పద్ధతినే వర్ణించినది. అల్లువారిని శ్రామికులుగా గాక, తీరికవేళ సూది పట్టు గృహిణులుగా నెంచుటయే వారి కూలి అంత తక్కువగుటకు మూలమని యామె తేల్చినది.

ఈ నిర్మాణము అర్థరహితమైనది కాదు. చౌకగా అమ్ముటయే లక్ష్యమైనచో ఇది దానికి సరిగా నమరినది. వర్తకునకు కార్ఖానా అక్కరలేదు. గిరాకీ తగ్గినచో దారమిచ్చుట మానిన చాలును. నష్టములో పెద్దపాలు అల్లువారి యింటనే మిగులును. కాని చౌకదనమున యంత్రముతో పోటీపడి చేతిపని గెలువజాలదు. చైనా యంత్రపు లేసు బజారున ప్రవేశించిన నాటినుండి ఈ సత్యము మన వర్తకులకును అనుభవమైనది.

భౌగోళిక సూచిక చూపు మార్గము వేరు. ఇది చేతిపని, ఇది నరసాపురపు పని యని చెప్పి, తగిన వెలకు అమ్ముమనుట దాని భావము. అందులకు నాణ్యతను నిర్ణయించు కన్ను, క్రొత్త నమూనాలు కల్పించు బుద్ధి, కొనువారి యభిరుచి తెలియు అవకాశము కావలెను. ఆయుష్షంతయు ఒకే పువ్వు నల్లించు నిర్మాణమున ఈ నేర్పులు పుట్టవు.

ఇందొక ప్రమాదమును గలదు. 1999 నాటి చట్టము ప్రకారము, ఈ పేరును వాడుకొను హక్కు అధీకృత వినియోగదారులుగా నమోదైనవారికే చెల్లును. హస్తకళల విషయమున ఉత్పత్తిదారుడన్న మాటకు, వస్తువును చేయువాడనియే గాక, దాని వ్యాపారము చేయువాడనియు ఆ చట్టమే అర్థము చెప్పినది. అల్లిన స్త్రీలు నమోదు కాక వర్తకులే నమోదైనచో, పేరు గ్రామములది, ఫలము దుకాణములదియు నగును.

కూలి పెంచినచో గిరాకీ పోవునని వర్తకు లందురు. 1925లో స్థాపితమైన అఖిల భారత చరఖా సంఘమునకును ఈ భయము కలుగకపోలేదు. ఐనను గాంధీ మహాత్ముని ప్రేరణమున, ఖద్దరు వెల పెరుగునని తెలిసియు, 1935లో ఆ సంఘము వడకువారికి జీవనమునకు చాలు కూలి నీయవలెనని తీర్మానించినది. వడకుచేతికి అన్నము పెట్టనిది స్వదేశీ కాదని యది గ్రహించినది. చేతిపనిని పేరుమీద అమ్మదలచినవారికి ఆ గ్రహింపు లేకున్న చెల్లదు.

కావున చేయవలసిన దిది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము ననుసరించి, గ్రామగ్రామమున అల్లువారు సంఘములుగా నేర్పడవలెను. ప్రతి సభ్యురాలిని అధీకృత వినియోగదారుగా నమోదు చేయించు భారమును ప్రభుత్వము వహింపవలెను. పువ్వు మొదలు అతుకు వరకు, నమూనా మొదలు వెల వరకు అన్ని దశలను స్త్రీలు నేర్వవలెను. కూలిరేట్లను తెలుగున వ్రాసి బహిరంగముగా ప్రకటింపవలెను. విదేశ వర్తకమున అనుభవముగల ఎగుమతిదారులు ఈ సంఘములతో ఒప్పందముల మీద వ్యాపారము సాగింపవచ్చును. వారి నేర్పును మనకు కావలసినదే.

లేసున ఒక్క ముడి జారినచో అల్లికంతయు సడలును. ఈ పరిశ్రమకు మొదటి ముడి అల్లు స్త్రీయే. ఆ ముడిని ముందు బిగింపుడు.