మీ కారానికి ఏ చొక్కా నప్పుతుంది?

"డిజైనర్ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళకండి, మీ ఐడియాలు ముందే సిద్ధం చేసుకోండి." రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు పెట్టే శిక్షణ తరగతుల్లో ఈ ఉపదేశం వినీ వినీ చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. మొన్న గుంటూరులో ఒకాయన ఇంకో మెట్టెక్కాడు. సొంతంగా కారం ప్యాకెట్టు పెడదామని నరసరావుపేట వైపు నుంచి వచ్చిన రైతులకు ఒక ప్రశ్నాపత్రం పంచాడు. మీ బ్రాండే ఒక మనిషైతే వయసెంత? ఎలాంటి బట్టలు వేసుకుంటాడు? మీకు నచ్చిన మూడు రంగులేవి? ఏసీ గోదాములో పెట్టిన సరుకు ఎప్పుడు తీయాలో, ఎంతకు పోతుందో తెలియక రసీదులు జేబులో పెట్టుకు తిరిగే మనిషిని పట్టుకుని, నీ కారానికి ఏ చొక్కా నప్పుతుందని అడగాలంటే ఎంత తీరిక ఉండాలి!

ఆ రైతులు సరదాకి రాలేదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కుప్పకూలితే కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. కిలోకు 118 రూపాయలైనా లేదు. అదే నెలలో మీ వీధి కొట్లో కారం ప్యాకెట్టు ధర ఏమైనా తగ్గిందా? ఆ తేడాలో కొంతైనా చేతికొస్తుందని వచ్చారు. వాళ్ళకి దొరికింది బట్టల ప్రశ్న.

ఇలా ఐడియాలు సిద్ధం చేసుకుంటే ఏమవుతుందో చూడాలనుకుంటే ఏ సూపర్ మార్కెట్‌కైనా వెళ్ళి కారం అర ముందు నిలబడండి. ఎర్ర సంచి. మంటల్లో రెండు మిరపకాయలు. ఒక రోలు. రోలు పక్కన ఒక బామ్మ. ఈ బామ్మ మీద నాకు ప్రత్యేకంగా మంట. ముక్కుపుడక, రూపాయి కాసంత బొట్టు, జరీ అంచు చీర, మొహంలో చెక్కుచెదరని చిరునవ్వు. మిరప కల్లంలో తాలు, అంటే రంగు పోయిన కాయ, ఏరే ఆడవాళ్ళను చూశారా? మూతికీ తలకీ గుడ్డ చుట్టుకుని, ఎండలో పట్టా మీద వంగి, తుమ్ముతూ దగ్గుతూ ఏరుతుంటారు. ఇంటికెళ్ళి చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా మంట వదలదు, ఆ చేత్తో పసిబిడ్డను తాకడానికి భయపడతారు. ఆ మొహం ఏ ప్యాకెట్టు మీదా నాకు కనబడలేదు. కాయ ఏరింది వాళ్ళు, కారం పట్టింది పల్వరైజరు, పేరు మాత్రం బామ్మది! డిజైనర్‌ని తిట్టి లాభం లేదు. "మా బామ్మ గుర్తొచ్చేలా ఉండాలండీ" అని ముందే సిద్ధపడి వెళ్ళింది మనవాళ్ళే.

అసలు చెప్పాల్సింది ఒక్కటీ చెప్పరు. లోపల ఉన్నది ఏ రకం కాయ: తేజా, 334నా, బాడిగా? తేజ ఘాటుకి, బాడిగ రంగుకి. వంట చేసే మనిషికి ఈ తేడా కావాలి. తొడిమ తీసి పట్టారా, తొడిమతోనే పట్టారా? ఈ ఏటి కాయా, నిరుడు ఏసీలో పెట్టిందా? తాలు ఎంత కలిసింది? గుంటూరు యార్డులో కొనుగోలుదారు టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీస్తాడు. ఒకటి విరిచి గింజ చూస్తాడు, తోలు గిల్లి చూస్తాడు, తేమ ఉందో లేదో చేతికే తెలుస్తుంది. డీలక్సో, మీడియం బెస్టో అక్కడికక్కడే తేల్చేస్తాడు. కాయ గురించి ఇంత తెలిసిన ఊరు, ప్యాకెట్టు దగ్గరికొచ్చేసరికి "ఘాటైన గుంటూరు కారం" అని ఊరుకుంటుంది.

ఆ పేరు సంగతి కూడా చూద్దాం. 2024 సంక్రాంతికి "గుంటూరు కారం" పేరుతోనే సినిమా వచ్చింది. ఇక ఐడియాల చిట్టాలో అదే మొదటి ఐడియా. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, సరుకు ఎక్కడిదో చెప్పే ఊరి పేరు ఒక్కటే పెట్టుకుని అది నా సొంతం అంటే మామూలుగా రిజిస్టర్ చేయరు. పైగా గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు ఎప్పుడో వచ్చింది. ఆ కాయ ఘాటు 35 వేల నుంచి 40 వేల స్కోవిల్ యూనిట్లని స్పైసెస్ బోర్డు రాసిపెట్టింది. గుంటూరు పక్కనున్న మన లాం పరిశోధనా క్షేత్రం 334 లాంటి రకాలు ఇచ్చింది. చేతిలో ఇంత సరుకు ఉండగా బ్రాండుకి కథ కావాలని ఊహల్లో వెతుకుతారేం?

ఇది రైతుల అమాయకత్వం అనుకోకండి, ఢిల్లీ కూడా ఇంతే. 2020 అక్టోబరు 7న, ప్రపంచ పత్తి దినం నాడు, భారత పత్తికి "కస్తూరి" అని పేరు పెట్టి లోగో విడుదల చేశారు. ఆ పత్తి బేలు ఎక్కడి నుంచి వచ్చిందో పట్టి చూపే ఏర్పాటుకు కాటన్ కార్పొరేషన్, పత్తి వస్త్రాల ఎగుమతి మండలి టెక్స్‌ప్రోసిల్ ఒప్పందం చేసుకున్నది 2022 డిసెంబరులో. ముందు బొమ్మ, రెండేళ్ళకు సరుకు సంగతి. బొమ్మల విలువ పత్తి రైతుకి ఎవరూ నేర్పక్కర్లేదు. విత్తనాల ప్యాకెట్టు మీద కాయ ఎప్పుడూ పగిలి తెల్లగా నవ్వుతూనే ఉంటుంది. చేలో సంగతి వేరు: 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పడి చేలు నాశనమై, అప్పులపాలైన రైతులు పురుగుమందు తాగి చచ్చిపోయారు.

కారం విషయంలోనూ ప్యాకెట్టు మీది మాట లోపలి సరుకుకి హామీ కాదు. 2005లో బ్రిటన్‌లో, తిండిలో వాడకూడని సూడాన్ రంగు కలిసిన కారం వల్ల 400కు పైగా ఆహార పదార్థాలను అరల్లోంచి తీసేశారు. ఆ రంగు సంగతి వాటి లేబుళ్ళు చెప్పలేదు.

ఏమీ చెప్పకపోతే మేమెలా గీస్తామని డిజైనర్లు అంటారు. చెప్పండి, కానీ రంగులు చెప్పకండి. కిలో కాయ, కిలో కారం, ల్యాబు రిపోర్టు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, ఏ ధరకు ఎవరికి అమ్మాలనుకుంటున్నారో రాసిన ఒక కాగితం తీసుకెళ్ళండి. నికర బరువు, ఎమ్మార్పీ, తేదీ, చిరునామా ప్యాకెట్టు మీద ఉండి తీరాలి కాబట్టి వాటికి చోటు వదలమనండి. వీలైతే సీజన్‌లో ఒక ఉదయం మీ డిజైనర్‌ని యార్డుకి తీసుకెళ్ళి టిక్కీల మధ్య తిప్పండి. మిగతా విద్య ఆయనది.

సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకం కింద సంఘాలకు బ్రాండింగ్ ఖర్చులో సగం ప్రభుత్వమే ఇస్తుంది. ఆ డబ్బు బామ్మ పాలు చేయకండి. తరగతులు పెట్టే పెద్దలకి ఒకటే మనవి: వచ్చేసారి డిజైనర్‌ని ముందు వరసలో కూర్చోబెట్టి, పాఠం చెప్పడానికి యార్డు నుంచి ఒక కొనుగోలుదారుణ్ణి, కల్లం నుంచి తాలు ఏరే ఒకామెను పిలవండి. ఆమెకు ఆ రోజు కూలి కూడా ఇవ్వండి.