రిజిస్టరులో తాతయ్య పేరు



ఆమధ్య పామర్రులో ఒక పెద్దావిడ ఇంటికి ప్రార్థనకు వెళ్లాము. హైదరాబాదులో ఉద్యోగము చేస్తున్న ఆమె మనుమడు సెల్‌ఫోను చేతబట్టుకొని దిగాలుగా కూర్చున్నాడు. ముత్తాతగారు ఎవరో, ఏ ఊరినుండి వచ్చారో తెలిసికొందామని మూడు రాత్రులు ఇంటర్నెట్టులో వెదికాడట. ఏమీ దొరకలేదు. "మనబోటి వాళ్ల సంగతి ఎవరు రాసిపెడతారు నాయనమ్మా!" అన్నాడు. ఆ మాట మాకు గుచ్చుకొన్నది.

రాసిపెట్టినవారున్నారు. ఎక్కడ వెదకాలో తెలియాలి. మొదట, మన పెద్దలకు సువార్త తెచ్చిన మిషను ఏదో అడిగి తెలిసికోవాలి. 1841లో రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు దొరలు బందరులో పని ఆరంభించిన సి.ఎం.ఎస్. మిషనువారి ఉత్తరములు, నివేదికలు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయములో ఉన్నవి. వాటి జాబితాను ఇంటర్నెట్టులో చూడవచ్చును. పామర్రుకు దగ్గరనున్న ఉయ్యూరులో పనిచేసిన కెనడా బాప్తిస్టు మిషనువారి కాగితములు కెనడాలోని హామిల్టను పట్టణములో మెక్‌మాస్టరు విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్నవి. ఆ ఉత్తరాలలో దొరల పేర్లే ఎక్కువ. అయినా మన పల్లె పేరు కనబడితే అదే మేలు.

ఊరి పేర్లతో ఒక చిక్కున్నది. ఆ రోజుల్లో ఇంగ్లీషులో కృష్ణాను కిస్ట్నా అని, విజయవాడను బెజవాడ అని, బందరును మసులిపటాం అని రాసేవారు. గుంటూరు ప్రాంతము 1859 నుండి 1904 వరకు కృష్ణా జిల్లాలోనే ఉండెను గనుక, తెనాలి తాతగారు కూడ కిస్ట్నా జిల్లావాడే. మనుష్యుల పేర్లతో చిక్కు ఇంకా పెద్దది. వెంకయ్యగా పుట్టినవాడు బాప్తిస్మముతో యోసేపు అవుతాడు. ఇంటిపేరును ఒక్కొక్క గుమస్తా ఒక్కొక్క విధముగా రాస్తాడు.

అందుచేత ఆ అబ్బాయిని సంఘపు పాస్టరుగారి వద్దకు తీసికొని వెళ్లాము. వంశావళి దొరకని యాజకుల సంగతి నెహెమ్యా ఏడవ అధ్యాయములో చదువుతాము గాని, మన సంఘపు పాత రిజిస్టరు ఏ బీరువాలో ఉన్నదో ఎందరికి తెలుసు? అయ్యగారు వెదకి తీశారు. అంచులు చెదలు తిన్నవి. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమలో ఎన్ని కుటుంబాల బైబిళ్లు, వాటి మొదటి పుటలలోని పుట్టినతేదీలతో సహా కొట్టుకొనిపోయెనో తలంచుకొంటే, ఈ మాత్రము మిగిలినందుకే సంతోషించాము.

ముత్తాతగారి పేరు దొరికినది. వృత్తి అన్నచోట "పాలేరు" అని ఉన్నది. వెంట వచ్చిన బాబాయిగారికి అది నచ్చలేదు. "ఆ గడి రాకుండా ఫోటో తీయరా" అన్నారు. మేము ఒప్పుకొనలేదు. పాలేరుతనము చేసి పిల్లలను బడికి పంపినవాని సంగతి దాచడమెందుకు? అబ్బాయి పుట అంతా తీశాడు. పనిలో పనిగా చెదలు పట్టిన మిగిలిన పుటలు కూడ తీసి అయ్యగారికి ఒక ప్రతి ఇచ్చాడు.

ఇంటికి వచ్చి చదివి వినిపిస్తే పెద్దావిడ రెండుసార్లు చదివించుకొన్నది. "మా అత్తగారి పేరేదిరా?" అని అడిగినది. రిజిస్టరులో "భార్య" అని మాత్రమే ఉన్నది. అప్పుడామె అత్తగారి పేరు, ఆమె పుట్టిన ఊరు, చెల్లెండ్ర పేర్లు వరుసగా చెప్పసాగింది. అబ్బాయి ఫోను పక్కనబెట్టి నోటుపుస్తకము తెచ్చుకొన్నాడు.